చక్రం తిరుగుతూనే వుంది!

వెనకటి రోజుల్లో టూరింగు టాకీసులో రీలు తెగితే డేరా అంతా ఈలలతో మారుమోగిపోయేది. నేలక్లాసు వారు ఆపరేటరును పేరు పెట్టి పిలిచి, అతని వంశాన్ని కూడా ఓసారి స్మరించేవారు. పాపం, అతను చెమటలు కక్కుతూ రెండు ముక్కలూ అతికించి మళ్ళీ బొమ్మ వేసేవాడు. ఇప్పుడా డేరాలు లేవు. ఆపరేటరు ఉద్యోగం మాత్రం పోలేదు. అది మన ఇంటి యజమానుల నెత్తిమీదికి వచ్చి కూర్చుంది.

ఇంట్లో సొంతంగా మీడియా సర్వర్ పెట్టుకున్న వారికి నేను చెప్పేది వెంటనే బోధపడుతుంది. పెట్టుకోని వారికి రెండు ముక్కల్లో చెబుతాను. పాతబడ్డ కంప్యూటరు నొకదాన్ని మూల కూర్చోబెట్టి, దానికి పెద్ద డిస్కు తగిలించి, ఇంట్లో వున్న సినిమాలూ, పాటలూ, పెళ్ళి వీడియోలూ అందులో పోసి, ఏ గదిలో టీవీ నుంచయినా, ఏ దేశంలో ఫోను నుంచయినా చూసుకునే ఏర్పాటు ఇది. నెలనెలా చందా కట్టించుకునే సంస్థల ప్రసారం ఆగిపోతే తిట్టుకోవడానికి ఒక కంపెనీ వుంటుంది. ఇక్కడ ఆగిపోతే మాత్రం ఇంటిల్లిపాదీ మన మొహమే చూస్తారు.

ఈ పనికి ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ అని మూడు ప్రోగ్రాములు బాగా వాడుకలో వున్నాయి. నా ఇంట వున్నది మూడోది. 2018 డిసెంబరులో ఎంబీ వారు తమ ప్రోగ్రాము మూలాన్ని అందరికీ చూపించడం మానుకున్నప్పుడు, అది నచ్చని కొందరు అప్పటిదాకా బయట వున్న ప్రతిని తీసుకుని వేరు కాపురం పెట్టారు. ఆ కాపురం పేరే జెల్లీఫిన్. దానికి వెల లేదు. వెల లేని వస్తువు గనక బాగుచేసి పెట్టడానికి ఇంటికి మనిషీ రాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఈ గొడవ దేనికని మీరు అడగవచ్చు. మా నాన్నగారు పగలు బడిపంతులు, రాత్రి కృష్ణుడు. తెనాలి చుట్టుపక్కల ఏ వూళ్ళో తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ ఆడినా ఆయన రాయబారానికి బయల్దేరేవారు. 1994లో ఒక ఉత్సవంలో ఆయన వేసిన నాటకాన్ని ఎవరో పుణ్యాత్ములు వీడియో తీశారు. రెండున్నర గంటల క్యాసెట్టు. ఆయన పోయాక ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. పట్నంలో ఒక దుకాణానికిచ్చి దాన్ని ఫైలుగా మార్పించి సర్వర్లో పెట్టాను.

పెడితే ఏమయిందంటారా? నా ఫోనులో నాటకం నిక్షేపంగా నడిచింది. మా అమ్మ గదిలోని పాత టీవీలో నాలుగు సెకన్లు నడిచి, చక్రం తిరిగి, మళ్ళీ నాలుగు సెకన్లు నడిచింది. డల్లాసులో వున్న మా చెల్లెలి ఇంట్లో కొత్త టీవీయే, కాని అక్కడా చక్రమే. రాయబారంలో కృష్ణుడి చేతి చక్రం సంగతి ఎలా వున్నా, తెరమీది చక్రం మాత్రం విరామం లేకుండా తిరిగింది. ఆ రోజు సభలో జనం ‘వన్స్‌మోర్’ అని అరుస్తూండడం వినిపిస్తూనే వుంది. నాన్నగారు పద్యం అందుకుని, రాగం పైకి తీసుకుపోతూండగా, సరిగ్గా అక్కడ ఆగింది. అమ్మ కాస్సేపు చూసి, “ఒరే అబ్బాయ్, మీ నాన్నకి ఊపిరి ఎక్కువరా. ఆయన ఎక్కడా ఇలా ఆగేవారు కారు” అన్నది. అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కాలేజీలో ఈ మాట చెబితే ముగ్గురు మిత్రులు మూడు సలహాలిచ్చారు. ఫిజిక్సాయన కొత్త కంప్యూటరు కొనమన్నారు. కామర్సాయన నెట్టు ప్లాను పెంచమన్నారు. చరిత్రాయన, పాత టీవీ పారేసి కొత్తది తెమ్మన్నారు. మూడూ కలిపితే నా రెండు నెలల జీతం. నిజానికి వారు ముగ్గురూ తమ తమ ఇళ్ళల్లో వచ్చిన జబ్బుకు తాము వాడిన మందు చెప్పారు. వచ్చిన చిక్కల్లా అక్కడే వున్నది. తెరమీద తిరిగే చక్రం ఒకటే. దాని వెనక జబ్బులు అనేకం. జ్వరమని చెప్పగానే మందిచ్చే వైద్యుడి దగ్గరకు మనం వెళతామా? నాడి చూడాలి గదా!

నాడి చూడడం ఎలాగో చెబుతాను. ఈ వ్యవహారంలో పాత్రలు నాలుగు: ఫైలు, సర్వర్, దారి, తెర. దారి అంటే ఇంట్లో వైఫైయో తీగో, ఇంటి బయట నెట్టో. తెర అంటే టీవీ, ఫోను, బ్రౌజరు. మొదట అదే ఫైలును మరో తెరమీద ఆడించి చూడండి. తరువాత అదే తెరమీద మరో ఫైలును ఆడించండి. ఒక్క పైసా ఖర్చులేని ఈ రెండు పరీక్షలతోనే నలుగురు ముద్దాయిల్లో ఇద్దరు విడుదలవుతారు. నా ఫోనులో నాటకం నడిచింది గనక ఫైలు చెడిపోలేదని తేలింది. అమ్మ టీవీలో తక్కిన సినిమాలు లక్షణంగా ఆడుతున్నాయి గనక వైఫై తప్పూ కాదని తేలింది. ఇక ఆ ఫైలుకూ ఆ టీవీకీ మధ్య ఏదో పొత్తు కుదరలేదన్న మాట.

ఆ పొత్తేమిటో తెలియాలంటే ఫైలు లోపల ఏముందో తెలియాలి. వీడియో ఫైలును పుస్తకమనుకోండి. ఎంపీ4, ఎంకేవీ అనేవి పుస్తకపు అట్టలు. లోపలి బొమ్మ రాసివున్న భాష వేరు. దాన్ని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన ఎచ్.264 అనే భాష ఇంచుమించు ప్రతి తెరకూ తెలుసు. 2013లో వచ్చిన ఎచ్.265, దానికే హెచ్‌ఈవీసీ అని పేరు, తక్కువ చోటులో ఎక్కువ ఇముడుస్తుంది గాని పాత టీవీలకూ, కొన్ని బ్రౌజర్లకూ రాదు. 2018లో వచ్చిన ఏవీ1 తెలిసినవి ఇంకా తక్కువ. శబ్దానికీ ఇలాగే వేరే భాషలున్నాయి. అట్ట చూసి పుస్తకం తెలుగుదో తమిళందో చెప్పలేం. “రెండూ ఎంకేవీలే గదా, అది ఆడి ఇది ఆడదేం?” అని అడిగే వారికి ఇదే జవాబు.

ఇప్పుడు సర్వర్ చేసే పని చూడండి. తెరకు ఆ అట్టా, ఆ భాషా రెండూ వచ్చునంటే పుస్తకాన్ని ఉన్నదున్నట్లు చేతికిచ్చేస్తుంది. ఇది డైరెక్ట్ ప్లే. సర్వర్‌కు శ్రమే లేదు. భాష వచ్చుగాని అట్ట నచ్చలేదంటే, అట్ట మార్చి ఇస్తుంది. ఇది రీమక్స్. దీనికీ పెద్ద శ్రమ లేదు. బొమ్మ సరేగాని శబ్దం భాష రాదంటే శబ్దాన్ని మాత్రం మార్చి ఇస్తుంది. ఇదీ తేలికే. బొమ్మ భాషే రాదంటే మాత్రం సర్వర్ పక్కన కూర్చుని, వాక్యం వాక్యం అనువాదం చేస్తూ చెప్పాలి. ఇదే ట్రాన్స్‌కోడ్. సభలో పెద్దమనిషి ఇంగ్లీషులో ఉపన్యసిస్తుంటే పక్కన నిలబడి తెలుగు చేసేవాడు వెనకబడ్డాడనుకోండి, సభ అంతా నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తుంది గదా! ఆ ఎదురుచూపే తెరమీది చక్రం.

ఏం జరుగుతున్నదీ ఊహించనక్కరలేదు. బొమ్మ ఆడుతూండగా పళ్ళచక్రం గుర్తు నొక్కి ‘ప్లేబ్యాక్ ఇన్ఫో’ అన్నది తెరిస్తే డైరెక్ట్ ప్లేయో ట్రాన్స్‌కోడో అదే చెబుతుంది. ట్రాన్స్‌కోడ్ అయితే కారణం కూడా చెబుతుంది. సర్వర్ డాష్‌బోర్డులో ఎవరు ఏం చూస్తున్నారో, అనువాదం ఎంత జోరుగా సాగుతున్నదో కనబడుతుంది. అమ్మ టీవీకి వచ్చిన కారణం, వీడియో కోడెక్ రాదని. సెకనుకు 25 బొమ్మలు తయారు కావలసిన చోట 15 తయారవుతున్నాయి. సర్వర్ చిట్టా, అంటే లాగ్ ఫైలు తెరిచాను. ఈ అనువాదం చేసే పనివాడి పేరు ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫాబ్రీస్ బెల్లార్ అనే ఫ్రెంచివాడు 2000లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. దాని చిట్టాలో ‘స్పీడ్’ అన్న మాట పక్కన 0.6 అని వుంది. అంటే పది సెకన్ల నాటకం తయారు కావడానికి పదహారు సెకన్ల పైన పడుతున్నది. ఆ అంకె 1 కంటె తక్కువగా వున్నంతకాలం, చక్రం ఆగమన్నా ఆగదు.

క్యాసెట్టు నాటకానికి ఇంత అవస్థ ఎందుకని ఫైలు వివరాలు తీస్తే అసలు భాగోతం బయటపడింది. దుకాణం వారు ఉత్సాహపడి దాన్ని 4కే సైజుకు ఉబ్బించి, హెచ్‌ఈవీసీలో పదిబిట్లుగా ఇచ్చారు. సెకనుకు 40 మెగాబిట్లు. మొత్తం సుమారు 45 గిగాబైట్లు. వీహెచ్ఎస్ క్యాసెట్టులో అడ్డంగా చూస్తే నిండా 240 గీతల వివరం వుంటే గొప్ప. దాన్ని 4కే చేయడమంటే బియ్యంలో నీళ్ళు పెంచి అన్నం పెరిగిందనడమే. నా సర్వర్ 2014 నాటి ల్యాప్‌టాపు. ఆ బరువు మొయ్యలేకపోయింది. నా ఫోనుకు ఆ భాష వచ్చు గనక హాయిగా ఆడుకుంది.

మరి డల్లాసు సంగతి? మా చెల్లెలి టీవీకి హెచ్‌ఈవీసీ వచ్చు. అక్కడ డైరెక్ట్ ప్లే జరుగుతున్నదని డాష్‌బోర్డే చెప్పింది. సర్వర్‌కు శ్రమ లేదు. జబ్బు దారిలో వుంది. మనం నెట్టు కొనేటప్పుడు వచ్చే వేగం చూస్తాంగాని, పోయే వేగం చూడం. దూరాన వున్న వారికి మనం బొమ్మ పంపాలంటే కావలసింది పోయే వేగం. సెకనుకు 40 మెగాబిట్లు సముద్రాలు దాటి తడబడకుండా వెళ్ళాలంటే మాటలా? ఒకే నాటకం, ఒకే చక్రం, రెండు ఇళ్ళల్లో రెండు జబ్బులు. అమ్మ టీవీకి కొత్త నెట్టు ప్లానూ పనికిరాదు, చెల్లెలికి కొత్త కంప్యూటరూ పనికిరాదు.

రెండింటికీ మందు ఒకటే అయింది. దుకాణం వారు ఉబ్బించక ముందు క్యాసెట్టు నుంచి మొదట దింపుకున్న ఫైలును అడిగి తెచ్చాను. ఎంపెగ్-2లో, 720×576 సైజులో, తొమ్మిది గిగాబైట్లు. “అదెందుకు మాస్టారూ, పాతది. చెరిపేద్దామనుకుంటున్నాం” అన్నారు వాళ్ళు. చెరపలేదు, మా అదృష్టం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలుకు అదే సైజులో ఎచ్.264 ప్రతి ఒకటి తయారుచేశాను. పాత టీవీ బొమ్మలో సరి గీతలూ బేసి గీతలూ విడివిడిగా వస్తాయి. ఈ కాలపు తెరమీద నటుడు చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. దాన్ని సరిచేసే డీఇంటర్‌లేస్ అన్న మీట వేశాను. శబ్దం ఏఏసీ, అట్ట ఎంపీ4. సెకనుకు మూడు మెగాబిట్లు. మొత్తం మూడున్నర గిగాబైట్లు మించలేదు. మూడు ఇళ్ళల్లోనూ డైరెక్ట్ ప్లే. నాన్నగారు ఆ పద్యాన్ని ఒక్క ఊపిరిన పూర్తిచేశారు. వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడారు కూడా. అమ్మ ఆ రాత్రి వంటింట్లోకి వెళ్ళలేదు.

అందరి జబ్బూ ఇదే కాదు గనక తక్కిన ముఖ్యమైనవీ చెప్పేస్తాను.

ఉపశీర్షికలు. చాలామంది అనుమానించని దొంగ ఇది. అక్షరాలుగా వున్న ఎస్ఆర్‌టీ ఫైలయితే బాధ లేదు. బ్లూరే నుంచి వచ్చేవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. తెర వాటిని చూపలేనంటే, సర్వర్ ప్రతి బొమ్మమీదా వాటిని అచ్చొత్తి పంపాలి. అంటే పూర్తి ట్రాన్స్‌కోడ్. బొమ్మ ఆగుతుంటే ముందు ఉపశీర్షికలు తీసేసి చూడండి. నడిచిందా, దొంగ దొరికినట్టే.

నాణ్యత మీట. తెరమీది ఆప్‌లో నాణ్యతకు ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఫైలు వేగం 20 మెగాబిట్లయి, హద్దు 8 అయితే, భాష తెలిసినా సరే సర్వర్ అనువాదానికి కూర్చుంటుంది. ఇంట్లో చూసేటప్పుడు ఆ హద్దు ఎత్తేయండి. దూరాన చూసేటప్పుడు, సర్వర్‌కు బలం వుంటే, తగ్గించండి.

చిప్పు సాయం. కంప్యూటరు మెదడుతో కాక, బొమ్మల పనికని వేరే వున్న భాగంతో అనువాదం చేయిస్తే పని చాలా చురుగ్గా సాగుతుంది. ఇంటెల్ వారిది క్విక్ సింక్. 2011 నుంచీ వుంది. పదిబిట్ల హెచ్‌ఈవీసీని పూర్తిగా చిప్పే చదవగలగడం 2016లో వచ్చిన ఏడో తరంతో మొదలయింది. డాష్‌బోర్డులో ఈ మీట వేసేటప్పుడు మీ చిప్పుకు వచ్చిన భాషలకే టిక్కు పెట్టండి. రాని భాషకు టిక్కు పెడితే, ఆగి ఆగి నడిచేది కాస్తా బొత్తిగా నడవకుండా పోతుంది. లినక్స్ మీద అయితే ఆ చిప్పును ముట్టుకునే అనుమతి జెల్లీఫిన్‌కు ఇచ్చారో లేదో చూడండి.

దారి. చాలా టీవీల వెనక వుండే తీగ రంధ్రం వంద మెగాబిట్లకు మించి మొయ్యదు. 4కే డిస్కు నుంచి తీసిన ఫైలు పోరాట దృశ్యాల్లో ఆ వందను తాకవచ్చు. మాటల సీనులో నడిచి యుద్ధంలో ఆగితే దాన్ని అనుమానించండి. దగ్గర్లో రూటరు వుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై దీనికంటె నయం కావచ్చు. దూరపు వారికి బొమ్మ ఆగడం కాదు, అసలు సర్వరే కనబడకపోతే అది వేరే జబ్బు. ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్ళకు పంచే నెట్టు కంపెనీలున్నాయి. అక్కడ మీ ఇంటి తలుపు బయటివారికి దొరకదు. సొంత వీపీఎన్ పెట్టుకోవడం దానికి మార్గం. ఊరందరికీ తలుపు తెరిచి పెట్టడం కంటె క్షేమం కూడాను.

డిస్కు. అనువాదం చేసిన ముక్కలను సర్వర్ ఒక చోట తాత్కాలికంగా పోస్తుంది. ఆ చోటు నిండితే సినిమా సగంలో చతికిలబడుతుంది. మొదట్లో మాత్రం పదిసెకన్లు ఆలస్యమై తరువాత చక్కగా నడిస్తే భయం లేదు. నిద్రపోతున్న డిస్కు లేచి కళ్ళు నులుముకుంటున్నదన్న మాట.

ఏది మార్చినా ఒకసారి ఒకటే మార్చండి. నాలుగు మీటలు ఒకేసారి తిప్పి బాగుపడిందని సంతోషిస్తే, ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు. రేపు మళ్ళీ చెడితే నాలుగూ తిప్పాలి.

ఇక తెలుగు పంతులుగా ఒక్క మాట. ఫైళ్ళు ఆడటం లేదని మొత్తం అన్నిటినీ కొత్త భాషలోకి మార్చేసి, చోటు కలిసివస్తుందని మూలాలను చెరిపేసే వారున్నారు. ఆ పని చేయకండి. ఈ మార్పిడి ప్రతిసారీ కొంత వివరాన్ని పారేస్తుంది. పారేసింది తిరిగి రాదు. తాటాకు గ్రంథానికి వ్రాయసకాడు ప్రతి రాస్తే ఒక తప్పు, ఆ ప్రతికి ప్రతి రాస్తే మరో రెండు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి పాత ప్రతులన్నీ సేకరించి సరిచూడగలిగాడంటే, పాతవి ఇంకా మిగిలి వుండబట్టే గదా! రేపు ఎచ్.264ను మించిన భాషలే లోకమంతా ఏలవచ్చు. అప్పుడు మళ్ళీ ప్రతి తీయవలసింది మొదటి ఫైలు నుంచే. క్యాసెట్టే వున్నది గదా అంటారేమో. క్యాసెట్లకు బూజు పడుతుంది. వాటిని ఆడించే యంత్రాలు చివరిదాకా తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆ పని ఆపేసింది. కనుక చూసుకోవడానికి ఒక ప్రతి, దాచుకోవడానికి మూలం. మూలం ఒక డిస్కులో కాదు, రెండు డిస్కుల్లో. రెండోది వేరే ఇంట్లో వుంటే మరీ మంచిది.

ఈ విషయంమీద నాకు ఉత్తరం రాయదలచిన వారు “మా సినిమా ఆగిపోతోంది, ఏం చెయ్యమంటారు?” అని మాత్రం రాయకండి. ఫైలు లోపలి భాష ఏది, తెర ఏది, ‘ప్లేబ్యాక్ ఇన్ఫో’ ఏమంటున్నది, చిట్టాలో చివరి పది పంక్తులేమిటి, ఈ నాలుగూ రాయండి. రాయడానికని అవన్నీ చూస్తూండగానే మీలో సగం మందికి జవాబు దొరుకుతుంది. అప్పుడు నాకు ఉత్తరమే రాదు. రాకపోయినా నాకు సంతోషమే.